స్లొవేనియన్ నేర్చుకుందాం – 9వ పాఠం: ఒంట్లో బాగాలేనప్పుడు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి. రెండు కాఫీలు 'ద్వే కావి', మూడు కాఫీలు 'త్రీ కావె', ఐదు కాఫీలు 'పేత్ కావ్'. రెండుకి ఒక రూపం, మూడు నాలుగుకి ఇంకో రూపం, ఐదు నుంచి మరో రూపం. ఇది గుర్తుపెట్టుకోండి. ఈ పాఠంలో కాఫీల బదులు మాత్రలు వస్తాయి.

రాసే పద్ధతి ఎప్పటిలాగే: ఒత్తి పలకాల్సిన చోట దీర్ఘం పెడుతున్నాను. 'స' అంటూ గొంతు కూడా కలిపితే వచ్చే ధ్వనికి 'జ', 'ష' అంటూ గొంతు కలిపితే వచ్చేదానికి 'ఝ' రాస్తున్నాను. 'హ'ని కాస్త గొంతు లోపలి నుంచి గరుగ్గా పలకండి.

స్లొవేనియా రాజధాని లుబ్లియానాకి వచ్చిన మొదటి చలికాలంలో నాకు కడుపులో బాగా తిప్పింది. మందుల షాపుకి వెళ్ళాను. దాన్ని ఇక్కడ 'లెకార్న' అంటారు. ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుని, దాన్ని మాటకు మాట మార్చి 'జస్ సమ్ స్లాబ' అన్నాను. 'నేను చెడ్డదాన్ని' అన్నట్టు అయింది. కౌంటర్ వెనక ఉన్నావిడ ఒక్క క్షణం నా మొహం చూసి, మెల్లగా అడిగింది: 'స్లబో వమ్ యె?' ఆ మాట విన్నప్పుడు నాకు తట్టింది. 'వమ్' అంటే 'మీకు'. 'మీకు బాగాలేదా?' అని అడుగుతోంది. మనం తెలుగులో అడిగేది కూడా సరిగ్గా అలాగే కదా! మధ్యలో ఇంగ్లిష్‌ని ఎందుకు తెచ్చుకున్నాను?

ఈ పాఠంలో నేను చెప్పదలుచుకున్నది అదే. జబ్బు గురించి మాట్లాడేటప్పుడు తెలుగు నుంచి నేరుగా స్లొవేనియన్‌లోకి రండి. ఇంగ్లిష్‌లో జ్వరం, తలనొప్పి అన్నీ మనిషి 'కలిగి ఉండే' వస్తువులు. తెలుగులో అవి మనకి వస్తాయి, మనల్ని పట్టుకుంటాయి, బాధపెడతాయి. స్లొవేనియన్‌లోనూ చాలావరకు అంతే.

నన్ను, నాకు

రెండు చిన్న మాటలు నేర్చుకుంటే సగం పాఠం అయిపోయినట్టే. 'మె' అంటే నన్ను. 'మి' అంటే నాకు.

నొప్పి, మంట, దురద, చలి 'నన్ను' బాధిస్తాయి. 'బొలీ మె గ్లావ' అంటే నాకు తలనొప్పిగా ఉంది, అక్షరాలా 'నన్ను తల నొప్పిపెడుతోంది'. 'బొలీ మె గర్లొ' గొంతు నొప్పి. 'బొలీ మె త్రేబుహ్' కడుపు నొప్పి. 'బొలీ మె ఉహో' చెవిపోటు. 'బొలీ మె జోప్' పంటి నొప్పి. నడుం నొప్పికి మాత్రం 'బొలీ మె ఉ క్రీఝు' అంటారు. 'క్రీష్' అంటే శిలువ, నడుం కింది భాగానికీ అదే మాట. ఇక్కడ పెద్దవాళ్ళు బస్సు దిగుతూ ఈ మాట అనడం నేను ఎన్నిసార్లు విన్నానో.

నొప్పి ఎలాంటిదో చెప్పడానికి మనకి పోటు, మంట, సలుపు అని వేరు వేరు మాటలున్నాయి. వీళ్ళకీ ఉన్నాయి. పొడుస్తున్నట్టు ఉంటే 'జ్బాద మె', మంటగా ఉంటే 'పేచె మె', దురదగా ఉంటే 'సర్బీ మె'. గుండెల్లో పొడుస్తున్నట్టు ఉంటే 'జ్బాద మె ఉ పర్సిహ్'. ఈ చివరిదాన్ని బాగా కంఠస్థం చేయండి. దాంతోపాటు 112 అనే నంబరు కూడా. ఇక్కడ అంబులెన్స్‌కి 112, పోలీసులకి 113. మన 108 అలవాటులో తడబడకూడదు.

చలేస్తే 'జేబె మె'. జ్వరం వచ్చేముందు వణుకు పుడితే 'మ్రాజి మె'. ఈ రెండూ కూడా 'నన్ను' కిందకే వస్తాయి.

ఇక 'నాకు' వచ్చేవి. వాంతి వచ్చేలా ఉంటే 'స్లబో మి యె'. కళ్ళు తిరుగుతుంటే 'వర్తీ సె మి'. తిరగడం అనే క్రియే ఇక్కడా ఉంది, కాకపోతే ఏం తిరుగుతోందో చెప్పరు. మనం కళ్ళు అంటాం, తల అంటాం. వాళ్ళు ఊరికే 'నాకు తిరుగుతోంది' అంటారు. అందుకని దీనిలో కళ్ళని ఇరికించకండి.

వీటిలో ఇంకో సుఖం ఉంది. స్లొవేనియన్‌లో 'నేను' అని మొదలుపెడితే చాలాచోట్ల ఆడా మగా తేడా చూపించాలి. మగవాళ్ళు 'బొలాన్ సమ్' అంటారు, ఆడవాళ్ళు 'బోవ్న సమ్' అంటారు. జలుబు చేసిందని చెప్పాలంటే మగవాళ్ళు 'ప్రెహ్లదీవ్ సమ్ సె', ఆడవాళ్ళు 'ప్రెహ్లదీల సమ్ సె'. మనకి 'వచ్చాడు, వచ్చింది' దగ్గర తేడా ఉంది గానీ 'వచ్చాను' దగ్గర లేదు, కాబట్టి ఇది అలవాటవడానికి టైమ్ పడుతుంది. 'బొలీ మె', 'స్లబో మి యె' లాంటి వాటిలో ఆ బెడద లేదు. ఎవరైనా ఒకేలా అనొచ్చు. జ్వరంలో వ్యాకరణం గుర్తురాదు కాబట్టి మొదట వీటినే నోటికి పట్టించుకోండి.

పైన 'బోవ్న'లో రాతలో ఉన్నది 'ల'. పదం చివర, హల్లు ముందు 'ల' చాలాచోట్ల 'వ్' అయిపోతుంది. ఆసుపత్రి బోర్డు మీద 'ల' కనిపిస్తుంది గానీ, పలకడం 'బొవ్నీష్నిత్స'.

రెండు నొప్పులు, ఎన్నో నొప్పులు

ఒకటి నొప్పిపెడితే 'బొలీ', ఎక్కువైతే 'బొలీయొ'. 'బొలీయొ మె జొబ్యే' అంటే పళ్ళు నొప్పి. ఇంటర్‌లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నవాళ్ళకి రామః, రామౌ, రామాః గుర్తుండే ఉంటుంది. ఆ ద్వివచనం ఇక్కడ ఇప్పటికీ బతికుంది, చిన్నపిల్లలు కూడా వాడతారు. క్రియకి రూపం 'బొలీత'.

అయితే ఒక మెలిక. కళ్ళు, చెవులు, కాళ్ళు రెండేసి కదా, ద్వివచనం వాడాలి అనుకుంటాం. వాడరు! సహజంగా జంటగా ఉండేవాటికి మామూలుగా బహువచనమే: 'బొలీయొ మె ఒచీ', 'బొలీయొ మె నోగె'. 'రెండూ' అని నొక్కి చెప్పినప్పుడు మాత్రం ద్వివచనం వస్తుంది: 'బొలీత మె ఒబే కొలేని', రెండు మోకాళ్ళూ నొప్పే. పుస్తకాల్లో దీన్ని ఒక వాక్యంలో తేల్చేస్తారు, కానీ మనలాంటి వాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇంట్లోవాళ్ళకి బాగాలేకపోతే

'నన్ను' ఉన్న చోట ఆ మనిషిని పెట్టండి, ద్వితీయా విభక్తిలో. కొడుకు 'సీన్', కొడుకుని 'సీన'. కూతురు 'హ్చేర్క', కూతుర్ని 'హ్చేర్కొ'. 'సీన బొలీ ఉహో', అబ్బాయికి చెవిపోటు. 'హ్చేర్కొ బొలీ త్రేబుహ్', అమ్మాయికి కడుపు నొప్పి. భర్తని 'మొఝా', భార్యని 'ఝేనొ', నాన్నని 'ఒచేత'.

డాక్టరు మనతో మాట్లాడేటప్పుడు 'మీరు' అంటారు: 'క్యె వస్ బొలీ?', ఎక్కడ నొప్పి? అదే డాక్టరు మన పిల్లాడి వైపు తిరిగి 'కాయ్ తె బొలీ?' అంటారు, 'నీకేం నొప్పిరా' అన్నంత దగ్గరగా. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకి ఇది చెప్పాల్సిన పనే లేదు.

జ్వరం

జ్వరం మాత్రం ఇంగ్లిష్‌లాగే, 'ఉంది' అంటారు: 'ఇమామ్ వ్రొచీనొ'. 'వ్రొచీన' అంటే వేడి. ఎండాకాలం వేడికీ అదే మాట, ఒంటి వేడికీ అదే మాట.

ఎంత జ్వరం అని అడుగుతారు: 'కోలికొ?' మనం ఫారెన్‌హీట్‌లో వంద, నూట రెండు అంటాం. ఇక్కడ అంతా సెల్సియస్. 98.6 అంటే 37. మన 100.4 అంటే 38, 102.2 అంటే 39. ఊరి నుంచి తెచ్చుకున్న థర్మామీటర్ చూసి ఫోన్లో 'నూటొకటి' అని చెప్తే అవతలివాళ్ళకి ఏమీ అర్థం కాదు. పైగా అంకెలు చెప్పే వరస కూడా తిరగబడుతుంది. మనం ముప్పై ఎనిమిది అంటాం, వాళ్ళు 'ఎనిమిదిన్నీ ముప్పై' అంటారు: 'ఓసమింత్రీదెసెత్'. 38.5 అయితే దాని పక్కన ఐదు చేర్చండి: 'ఓసమింత్రీదెసెత్ పేత్'.

డాక్టరు దగ్గర

ఇక్కడ ప్రతివాళ్ళూ ఒక డాక్టర్ని ముందే ఎంచుకుని పేరు రాయించుకోవాలి. సాధారణంగా ఆ డాక్టరు ఊళ్ళోని 'జ్‌ద్రావ్స్త్వెని దోమ్'లో, అంటే ఆరోగ్య కేంద్రంలో ఉంటారు. స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళాలంటే ఆ డాక్టరు ఇచ్చే 'నపోత్నిత్స', అంటే రిఫరల్ చీటీ, కావాలి. కొన్నేళ్ళుగా కుటుంబ డాక్టర్ల కొరత బాగా ఉంది, చాలామంది కొత్త పేషెంట్లని తీసుకోవడం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఒంట్లో బాగున్నప్పుడే ఈ పని చూసుకోండి. జ్వరంతో మూలుగుతూ డాక్టర్ని వెతకడం నరకం.

అపాయింట్‌మెంట్ కావాలంటే మగవాళ్ళు 'రాద్ బి సె నరొచీవ్', ఆడవాళ్ళు 'రాద బి సె నరొచీల'. ఫోన్ ఎత్తేది చాలావరకు నర్సు. నర్సుని 'సేస్త్ర' అంటారు, అక్కచెల్లెళ్ళకీ అదే మాట. మన ఆసుపత్రుల్లో 'సిస్టర్' అని పిలిచినట్టే.

లోపలికి వెళ్ళాక మాటలు ఇలా ఉంటాయి. పైకి రెండుసార్లు చదవండి.

– దోబర్ దాన్. కాయ్ వమ్ యె? (నమస్తే. మీకేమైంది?)
– బొలీ మె గర్లొ. ఇమామ్ వ్రొచీనొ. (గొంతు నొప్పి. జ్వరం ఉంది.)
– ఒద్ గ్దాయ్? (ఎప్పటి నుంచి?)
– ఝె ద్వా ద్నీ. (రెండు రోజులైంది.)
– కాష్ల్యతె? (దగ్గుతున్నారా?)
– మాలొ. పొనోచి. (కొంచెం. రాత్రిపూట.)
– స్తె న కాయ్ అలేర్గిచ్ని? (దేనికైనా ఎలర్జీ ఉందా?)
– న పెనిత్సిలీన్. (పెన్సిలిన్‌కి.)
– ఒత్ప్రీతె ఊస్త. (నోరు తెరవండి.)

'కాయ్ వమ్ యె' చూశారా? 'మీకేమిటి' అని మాటకు మాట తెలుగే.

షుగర్ ఉన్నవాళ్ళు 'ఇమామ్ స్లాత్కొర్నొ బొలేజన్' అనాలి. 'స్లాత్కొర్' అంటే చక్కెర. బీపీ ఉంటే 'ఇమామ్ విసోక్ కర్వ్ని త్లాక్'. అమ్మానాన్నలు ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కువగా అవసరమయ్యేవి ఈ రెండే.

ఉద్యోగం చేసేవాళ్ళకి ఇంకో మాట కావాలి. 'న బొవ్నీష్కి సమ్', సిక్ లీవ్‌లో ఉన్నాను. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ 2020 నుంచి ఎలక్ట్రానిక్‌గా నేరుగా కంపెనీకి చేరుతుంది, కాగితం పట్టుకెళ్ళక్కర్లేదు.

మందులు

'ఎన తబ్లేత, ద్వే తబ్లేతి, త్రీ తబ్లేతె, పేత్ తబ్లేత్.' కాఫీల లెక్కే. రోజుకు మూడుసార్లు 'త్రీక్రత్ న దన్'. రెండుసార్లు 'ద్వాక్రత్'. తిన్నాక 'పొ యేది', తినకముందు 'ప్రెద్ యెద్యో'. ఎనిమిది గంటలకోసారి 'న ఓసమ్ ఉర్'. మనకి డోలో ఎలాగో ఇక్కడ లేకాడోల్ అలాగ, రెండిటిలో ఉన్నదీ పారాసెటమాలే.

జలుబు చేసిందని పక్కింటావిడతో అంటే మందు కంటే ముందు 'చాయ్' ఇస్తానంటుంది. పలకడం అచ్చం మన చాయ్‌లాగే ఉంటుంది. పాలు, అల్లం, యాలకులు ఊహించుకుంటాం. వచ్చేది మాత్రం 'లీపొవ్ చాయ్', ఎండబెట్టిన లిండెన్ పూలు వేడినీళ్ళలో నానబెట్టి, తేనె కలిపినది. లేత బంగారు రంగులో ఉంటుంది, ఆవిరితో పాటు ఏదో గడ్డివాము వాసన వస్తుంది. ఇక్కడ చాయ్ అంటే ముందు గుర్తొచ్చేది ఇలాంటి మూలికల నీళ్ళే. మనం తాగే టీకి 'చర్ని చాయ్' అని విడిగా చెప్పాలి. నేను ఇప్పుడు లిండెన్ పూలు డబ్బాలో పోసి పెట్టుకుంటున్నాను, గొంతుకి నిజంగా హాయిగా ఉంటుంది.

ఎవరైనా తుమ్మితే 'న జ్‌ద్రావ్యె' అనండి. మన 'చిరంజీవ' లాంటిదే. గ్లాసులు తాకించుకునేటప్పుడు అనేదీ ఇదే.

క్లొప్

ఈ మాట మన దగ్గర పెద్దగా అవసరపడదు గానీ ఇక్కడ తప్పదు. 'క్లొప్' అంటే పిడుదు. మన ఊళ్ళో గేదెలకీ కుక్కలకీ పట్టేదే. ఇక్కడ అడవిలో, గడ్డిలో నడిస్తే మనుషులకీ పట్టుకుంటుంది. దానివల్ల బొరెలియోజ (లైమ్ వ్యాధి) అనే జబ్బూ, మెదడువాపూ వచ్చే ప్రమాదం ఉంది. మెదడువాపుకి టీకా ఉంది, మొదటిదానికి లేదు. అడవికి వెళ్ళొచ్చాక పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ వెనక, చంకల్లో చూడండి. కనిపిస్తే వెంటనే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని పైకి లాగేయాలి. నూనె రాయడం లాంటివి చేయకూడదు. తర్వాత ఆ చోట ఎర్రటి మచ్చ పెద్దదవుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళి 'ఇమేవ్ సమ్ క్లోప' అనండి, 'నాకు పిడుదు పట్టింది' అని. ఆడవాళ్ళయితే 'ఇమేల సమ్ క్లోప'. పార్కులో కూర్చునే బెంచీ కూడా ఇంచుమించు ఇదే మాట. అందులో 'ఒ'ని పెదవులు ఇంకాస్త ముడిచి, పొడుగ్గా పలుకుతారు: 'క్లోప్'.

అభ్యాసం

వీటిని స్లొవేనియన్‌లో రాయండి. జవాబులు పదో పాఠంలో, రైలు టికెట్ల సంగతితో పాటు.

1. మా అమ్మాయికి చెవిపోటు.
2. నాకు కళ్ళు తిరుగుతున్నాయి.
3. మా నాన్నగారికి రెండు మోకాళ్ళూ నొప్పి.
4. రోజుకు రెండుసార్లు, తిన్నాక, రెండు మాత్రలు.

తర్వాత ఒక చిన్న అట్టముక్క తీసుకుని, మీ ఇంట్లో ఒక్కొక్కరికీ ఏ మందు పడదో, షుగర్, బీపీ ఎవరికుందో స్లొవేనియన్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కింద 112 పెద్దంకెలతో రాయండి.