రిజిస్టర్‌లో కనిపించని 49 నిమిషాలు: సోలాపూర్ క్యామ్‌షాఫ్ట్ లైన్‌లో షిఫ్ట్ నడిపే పద్ధతి

సోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ (పారిశ్రామికవాడ)లోనో చించోళీలోనో క్యామ్‌షాఫ్టుల్లాంటి (ఇంజిన్ వాల్వులను తెరిచే ఇరుసులు) ఇంజిన్ విడిభాగాల కంపెనీలో కొన్నేళ్లు మిషన్ మీద పనిచేసిన మన తెలుగువాళ్లకు ఏదో ఒక రోజు సూపర్‌వైజర్ పోస్టు వస్తుంది. మిషన్ సంగతి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తడబడేది లెక్క దగ్గర, మనుషుల దగ్గర. ముందు లెక్క చూద్దాం.

ఎనిమిది గంటల పాళీ (షిఫ్ట్) అంటే 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు 20, మొదట్లో మీటింగుకూ చివర్లో శుభ్రానికీ కలిపి 10 తీసేస్తే చేతిలో మిగిలేది 420. అంటే 25,200 సెకన్లు. ప్లానింగ్ వాళ్లు 360 షాఫ్టులు అడిగారంటే 70 సెకన్లకు ఒకటి చొప్పున లైను చివర దిగాలి. ఇదే టాక్ట్ టైమ్. లైను మొత్తాన్నీ వెనక్కి లాగే మిషన్ ఒకటుంటుంది, క్యామ్‌షాఫ్ట్ లైన్లలో తరచుగా అది గ్రైండింగే. దాని సైకిల్ టైమ్, అంటే ఒక్కో పీసుకు పట్టే సమయం, కాగితం మీద 68 సెకన్లు అనుకుందాం. కాగితం ప్రకారమైతే 360 రావాలి.

పాళీ అయ్యేసరికి 296 తయారై, 6 రిజెక్టయి, 290 మంచివి తేలాయి. 290ని 68తో గుణించి 25,200తో భాగిస్తే 78 శాతం. ఓఈఈ (మిషన్ మొత్తం సామర్థ్యంలో ఎంత వాడుకున్నామన్న లెక్క) అంటే ఇంతే. శాతం మేనేజర్ రిపోర్టుకు. మీకు కావలసింది నిమిషాలు. పోయిన దాదాపు 22 శాతం అంటే 91 నిమిషాలు. బ్రేక్‌డౌన్ బుక్కులో 35 నిమిషాలు రాసి ఉన్నాయి. ఆరు రిజెక్టులు తిన్నది 7 నిమిషాలు. మిగతా 49 ఏ పుస్తకంలోనూ ఉండవు, ఎందుకంటే మిషన్ ఆగలేదు. ఒక్కో పీసుకు 68 బదులు 78 సెకన్లు పట్టింది, అంతే. పది సెకన్లు చొప్పున 296 పీసులు వేసి చూడండి.

ఆ పది సెకన్లను పట్టుకోవాలంటే మిషన్ పక్కన నిలబడి తలుపు తెరుచుకున్న క్షణం నుంచి మళ్లీ మూసుకునేదాకా స్టాప్‌వాచ్‌తో పది పీసులు చూడాలి. ఎక్కువసార్లు కనిపించేది ఇదే: తలుపు తెరుచుకున్నాకే ఆపరేటర్ తర్వాతి షాఫ్ట్ అందుకుంటాడు, దాని రెండు కొసల్లోని సెంటర్ రంధ్రాలు గాలి కొట్టి తుడుస్తాడు, అప్పుడు ఎక్కిస్తాడు. లేదా తీసిన పీసును పట్టుకుని నాలుగడుగుల దూరంలోని గేజ్ (కొలిచే పరికరం) దగ్గరికి వెళ్తాడు. మిషన్ ఖాళీగా ఎదురుచూస్తుంటుంది. తుడవడం మానేయమని చెప్పొద్దు, సెంటర్లో చిన్న రజను ఇరుక్కున్నా జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) రనౌట్ వస్తుంది, అంటే తిరిగేటప్పుడు ఊగుతుంది. మిషన్ నడుస్తుండగానే తర్వాతి షాఫ్ట్ తుడిచి వీ-బ్లాకు స్టాండ్ మీద పెట్టించండి, ముందటి పీసు గేజింగ్ కూడా ఆ సమయంలోనే చేయించండి. గేజ్ బల్లను మిషన్ పక్కకు జరిపించండి. "తొందరగా కానివ్వు" అనడం వల్ల ఒక్క సెకను కూడా తగ్గదు, గేజింగ్ మాత్రం ఎగిరిపోతుంది.

పాళీ మొదలయ్యే 15 నిమిషాల ముందు లైను మీదికి రండి. హాజరు చూడకముందే పోకా-యోకేలు, అంటే తప్పును అడ్డుకునే ఏర్పాట్లు, చూడాలి. తప్పు పీసును ఆపే సెన్సర్ నిజంగా ఆపుతోందా లేదా అన్నది, ఎర్ర రంగు వేసి ఉంచిన రిజెక్షన్ మాస్టర్‌ను (కావాలని ఉంచుకున్న తప్పు పీసును) పెడితేనే తెలుస్తుంది. అది పాసైపోతే సెన్సర్ చచ్చినట్టే, లైను మొదలుపెట్టకండి. తర్వాత మొదటి పీసు అప్రూవల్. పాళీ మొదట్లో ఒక్కసారే కాదు, సెటప్ మారినా, గ్రైండింగ్ వీల్ (సానరాయి చక్రం) మారినా, కరెంటు పోయి వచ్చినా మళ్లీ కావాలి. కరెంటు పోయినప్పుడు వీల్‌కు ఆనుకుని ఉన్న షాఫ్ట్ చూడ్డానికి బాగున్నా ఎర్ర డబ్బాలోకే (రిజెక్టుల డబ్బా). వీల్‌ను వెనక్కి తీసి, స్పిండిల్‌ను పావుగంట ఖాళీగా తిప్పి, అప్పుడు మొదటి పీసు.

కొత్త గ్రైండింగ్ వీల్ బిగించేముందు చెక్క పిడితో తట్టి వినండి. విట్రిఫైడ్ (పింగాణీలా కాల్చిన) వీల్ ఖంగున మోగాలి, మొద్దుగా పలికితే పగులుంది. పవర్‌లూమ్ ఇంట్లో పుట్టిన పిల్లవాడు దారం తెగిన చప్పుడు ఎంత దూరం నుంచైనా పట్టినట్టే, ఈ తేడా పట్టడం చెవికి త్వరగానే అలవాటవుతుంది. బిగించాక గార్డు మూసి, ఎదురుగా ఎవరూ లేకుండా ఒక నిమిషమైనా ఖాళీగా తిప్పాలి. గార్డు ఇంటర్‌లాక్‌కు (గార్డు తెరిచి ఉంటే మిషన్ నడవనివ్వని స్విచ్చికి) తీగ చుట్టి నడిపిస్తుంటే, టార్గెట్ ఎంత వెనకబడినా సరే, ఆ మిషన్ ఆపేయండి.

సోలాపూర్ ఎండలు కొలతల్ని కూడా కాల్చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది, మెషిన్ షాపులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ చాలా తేడా. పోత ఇనుము ఒక్క డిగ్రీకి మీటరుకు 10, 11 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 30 మిల్లీమీటర్ల జర్నల్, మాస్టర్ (గేజ్‌ను సరిచూసే కచ్చితమైన కొలత పీసు) కన్నా పది డిగ్రీలు వేడిగా ఉంటే గేజ్ 3 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. ఆపరేటర్ దాన్ని నమ్మి ఆఫ్‌సెట్ (మిషన్‌లో కొలతను సర్దే అంకె) తగ్గిస్తాడు, చల్లారాక షాఫ్ట్ సన్నబడుతుంది. మెట్రాలజీ (కొలతల) రూము 20 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి తప్పు అక్కడ బయటపడుతుంది, కానీ అప్పటికి వంద పీసులు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. అందుకే మాస్టర్‌ను ఆఫీసు ఏసీలో దాచకండి, గేజ్ పక్కనే ఉంచండి. రెండు గంటలకోసారీ, టీ విరామం తర్వాతా మాస్టర్‌తో గేజ్ సున్నా చేయించండి. కూలెంట్‌లోంచి (చల్లబరిచే ఆయిల్ కలిపిన నీళ్లలోంచి) అప్పుడే తీసిన పీసును వెంటనే కొలిచి ఆఫ్‌సెట్ మార్చనివ్వకండి.

ఎండాకాలంలో కూలెంట్ సంగతీ ఇలాంటిదే. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి గాఢత పెరుగుతూ పోతుంది, నురగ వస్తుంది, చేతులకు దురదలు పెడతాయి. ట్యాంకు తగ్గిందని వట్టి నీళ్లు పోసేస్తే ఇంకో పక్కకు పోయి తుప్పు మొదలవుతుంది. రోజూ గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. అద్దంలో కనిపించే అంకెను ఆ ఆయిల్ డబ్బా మీది ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే అసలు గాఢత. పలచటి మిశ్రమం విడిగా కలిపి పోయాలి, కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పోయాలి కానీ ఆయిల్‌లో నీళ్లు కాదు. వారపు సెలవు తర్వాత ట్యాంకు కుళ్లు వాసన కొడితే పైన తేలిన హైడ్రాలిక్ నూనెను తీయించలేదన్నమాట.

క్యామ్ లోబ్ (షాఫ్ట్ మీద ఉబ్బిన భాగం) మీద గోధుమ రంగు మచ్చ కనిపిస్తే గ్రైండింగ్ బర్న్, అంటే గ్రైండింగ్ వేడికి కాలిందని, అనుమానించాలి. వీల్ మొద్దుబారినా, డ్రెస్సింగ్ (వీల్‌కు మళ్లీ పదును పెట్టడం) ఆలస్యమైనా, కూలెంట్ నాజిల్ పక్కకు తిరిగినా వస్తుంది. చివరి పాసులో మచ్చ చెరిగిపోయి లోపలి దెబ్బ మిగిలే అవకాశముంది కాబట్టి కంటితో ఓకే చేయకుండా ఎచింగ్ (యాసిడ్‌తో చూసే) పరీక్షకు పంపండి. పంపేలోపు అసలు పని వేరే ఉంది: చివరిసారి చెక్ చేసి బాగున్నాయని రాసిన పీసు ఏది? దాని తర్వాత తయారైన ప్రతిదీ అనుమానితమే. గంటకోసారి చెక్ చేస్తుంటే కనీసం గంట సరుకు, అది వాషింగ్ దాటినా, ప్యాకింగ్ పెట్టెల్లో చేరినా సరే. లెక్కపెట్టి, ట్యాగ్ కట్టి, తాళం వేసిన చోట పెట్టించండి. లెక్కలో ఒక్కటి తగ్గినా ఆ ఒక్కటే కస్టమర్ దగ్గర తేలుతుంది. 5-వై ("ఎందుకు?" అని ఐదుసార్లు అడిగి మూలకారణం వెతికే) కాగితంలో "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాస్తే ఆడిటర్ వెనక్కి కొడతాడు, కొట్టాలి కూడా. నాజిల్ ఎందుకు తిరిగింది, తిరిగితే ఆపే ఏర్పాటు ఎందుకు లేదు అన్నదాకా వెళ్లాలి.

ఇక మనుషులు. మన లైన్లలో మరాఠీ, తెలుగు, కన్నడ, హిందీ నాలుగూ వినిపిస్తాయి. తెలుగువాళ్లలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో మరాఠీ చదివినవాళ్లు ఎంతోమంది. వర్క్ ఇన్‌స్ట్రక్షన్ మరాఠీలో అంటించి, తెలుగులో వివరించండి. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు, "అన్నా, ఒక్కసారి చేసి చూపించు" అంటే తెలిసిపోతుంది. పని పంచేటప్పుడు మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలోనే మాట్లాడండి. మనవాడితో తెలుగులో గుసగుసలాడి తేలిక మిషన్ ఇచ్చారన్న మాట ఒకసారి పుట్టిందంటే ఆ సూపర్‌వైజర్ మాట ఇక చెల్లదు.

ప్రతి ఆపరేషన్‌కూ కనీసం ముగ్గురికి పని వచ్చేలా స్కిల్ మ్యాట్రిక్స్ (ఎవరికి ఏ పని వచ్చో చూపే పట్టిక) నింపుకోవాలి. ఆషాఢ ఏకాదశికి పంఢర్‌పూర్, జనవరిలో సిద్ధేశ్వర జాతర, నారళీ పున్నమికి మార్కండేయ రథం. ఆ రోజుల్లో సగం లైను సెలవు అడుగుతుంది. నెల ముందే జాబితా తీసుకుని, పోయినసారి వెళ్లనివాళ్లకు ముందు ఇవ్వండి. మిగిలినవాళ్లతో ఓవర్‌టైమ్ చేయిస్తే చట్టప్రకారం రెట్టింపు వేతనం, నోటిమాటగా కాదు, మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పడాలి. ఆ రోజు ట్రైనీని ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒంటరిగా నిలబెట్టకండి. మనిషి మారాడని 4ఎం బోర్డు (మనిషి, మిషన్, మెటీరియల్, పద్ధతిలో మార్పులు రాసే బోర్డు) మీద రాసి, అతను చూసిన మొదటి 20 పీసులు వేరే మనిషితో మళ్లీ చూపించండి.

పాళీ అప్పగించేటప్పుడు ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టుకోవడం కాకుండా, వచ్చిన సూపర్‌వైజర్‌తో కలిసి లైను వెంట నడవండి. ఏ మిషన్‌లో ఏ ఆఫ్‌సెట్ ఎన్ని మైక్రాన్లు, ఎందుకు మార్చారో చెప్పండి. వీల్ ఇంకెన్ని పీసులకు డ్రెస్సింగ్‌కు వస్తుంది, ట్యాగ్ కట్టిన సరుకు ఎంత, ఎక్కడ, మెయింటెనెన్స్ తాత్కాలికంగా కట్టిన కట్టు ఏదైనా ఉందా, ఈ నాలుగూ రాతలో ఉండాలి. ఎర్ర డబ్బా ఖాళీ చేసి, లెక్క రాసి, తాళంచెవి చేతికివ్వండి.