పుస్తకంలో లాభం, గల్లాలో సున్నా: ఎక్కడ తేడా కొడుతోంది?

మార్చి నెలాఖరుకు దుకాణాల లెక్కలు ముగించడం నా పని. కూడికలు, తీసివేతలు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. నాకు దొరికే తప్పుల్లో ఎక్కువ భాగం యజమాని మనసు ఒప్పుకోని చోటే ఉంటాయి.

సమస్య 1: లాభం కనిపిస్తోంది, చేతిలో డబ్బు లేదు

రావలసిన బాకీల జాబితాను తేదీల వారీగా తీయండి. ఏడాది దాటినవి కుప్పపడి ఉంటే జబ్బు అక్కడే. ఒక బట్టల కొట్టులో 2 లక్షల 40 వేల అరువు నాలుగేళ్లుగా పుస్తకంలో అలాగే నడిచొస్తోంది. "ఇక రాదని పుస్తకంలోంచి కొట్టేద్దామా సార్?" అంటే, "ఎక్కడికి పోతాడయ్యా, మనవాడే" అన్నారాయన. ఆ మనవాడు ఊరు వదిలి రెండేళ్లయింది.

కారణం: వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కన్నా, అదే వంద పోతే కలిగే బాధ పెద్దది. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. పుస్తకంలో కొట్టేయనంత కాలం డబ్బు ఇంకా పోలేదని మనసు సర్దిచెప్పుకుంటుంది.

పరిష్కారం: పుస్తకంలో కొట్టేసినా బాకీ అడగొచ్చు, వస్తే ఆ ఏడాది ఆదాయంగా రాసుకోవచ్చు. ఈ ఒక్క మాటకే చాలామంది మెత్తబడతారు. అమ్మకంగా చూపి పన్ను కట్టిన మొత్తమే కాబట్టి, కొట్టేసిన ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా తీసుకోవచ్చు. అమ్మినప్పుడు కట్టిన జీఎస్‌టీ మాత్రం తిరిగి రాదు. ఇంకో సంగతి: మామూలు అరువు బాకీపై కోర్టుకు వెళ్లే గడువు 3 ఏళ్లు. ఆలోపు "ఇంత ఇవ్వాలి" అని రాయించి సంతకం తీసుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. పై కొట్టాయన మొహమాటంతో సంతకం అడగలేదు. గడువు కాస్తా దాటిపోయింది.

సమస్య 2: స్టాకు విలువ ఏటా పెరుగుతోంది, బీరువాల్లో పాత డిజైన్లే

కొన్న ధర మీద మమకారం. 900 పెట్టి కొన్న చీరను 500కి అమ్మితే తన ఎంపిక తప్పని ఒప్పుకున్నట్టే కదా! స్టాకును కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింట్లో తక్కువదానికి రాయాలన్నది అకౌంటింగ్ నియమం. సరుకు కొన్న మనిషి చేత లెక్క కట్టించకండి. వేరే వాళ్ల చేతికి ఇచ్చి, "ఈ చీర ఇవాళ మన దగ్గర లేదనుకో, ఎంతకు కొంటావు?" అని అడగండి.

సమస్య 3: బ్యాంకు స్టేట్‌మెంటుకు, పుస్తకానికి చిన్న తేడా, ఎంత వెతికినా దొరకదు

రాసిన కళ్లు రాసింది చదవవు, రాశామనుకున్నది చదువుతాయి. తేడాను 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900. దొరక్కపోతే ఒకరు పైకి చదవాలి, మరొకరు టిక్కు పెట్టాలి. "చిన్న మొత్తమేగా" అని సస్పెన్స్ ఖాతాలో, అంటే లెక్క తేలని మొత్తాలు పెట్టే ఖాతాలో, పడేయకండి.

సమస్య 4: ఒక పక్క ఎఫ్‌డీ, ఇంకో పక్క రెండు రూపాయల వడ్డీకి అప్పు

ఇది నేను ఎక్కువగా చూసే జబ్బు. 3 లక్షల అప్పుకు నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీ. అదే 3 లక్షలు ఎఫ్‌డీలో 7 శాతానికి 21,000 తెస్తున్నాయి. ఏటా 51,000 కారిపోతోంది. ఎందుకండీ అంటే, "అది పాప పెళ్లి డబ్బు, ముట్టుకోం" అంటారు. డబ్బును మనసులో వేర్వేరు డబ్బాల్లో దాచుకునే ఈ అలవాటుకు రిచర్డ్ థేలర్ మెంటల్ అకౌంటింగ్ అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

డబ్బా పగలగొట్టమంటే ఎవరూ వినరు, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ల ముందు. అందుకే నేను ఇలా చెబుతాను: ముందే తీసినందుకు బ్యాంకు కాస్త వడ్డీ కోసుకున్నా సరే, ఎఫ్‌డీ తీసి అప్పు తీర్చండి. ఇన్నాళ్లూ వడ్డీకి కట్టిన ఆ 6,000ను వచ్చే నెల నుంచే ఆర్‌డీలో వేయండి. పాస్‌బుక్ అట్ట మీద మాత్రం "పాప పెళ్లి" అని పెద్ద అక్షరాలతో రాయండి.