జనరేటర్ సెల్ఫ్ తీసుకోవట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

కరెంటు పోయింది, వెళ్లి తాళం తిప్పారు, టక్‌మని ఒక్క చప్పుడు చేసి జనరేటర్ ఊరుకుంది. ఇలాంటప్పుడు చాలామంది బ్యాటరీ పోయిందని తేల్చేసి కొత్తది తెచ్చేస్తారు. దయచేసి కాసేపు ఆగండి. నేను చూసిన వాటిలో చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంది, పాడైంది జాయింటు. ఒక మల్టీమీటర్, స్పానర్, ఉప్పుకాగితం ఉంటే ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోవచ్చు.

ముందు జాగ్రత్తలు. మోడ్ స్విచ్ ఆటోలో ఉంటే మీరు చెయ్యి లోపల పెట్టినప్పుడే ఇంజిన్ తిరగొచ్చు, కాబట్టి ఆఫ్‌లో పెట్టాకే దగ్గరికెళ్లండి. కేబుళ్లు విప్పాల్సి వస్తే ఛార్జర్ ఆపి, మొదట నెగిటివ్ తీయండి, బిగించేటప్పుడు నెగిటివ్ చివర. ఛార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అక్కడ చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే.

అసలు చప్పుడే లేకపోతే మీటర్ తీసే ముందు ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కి ఉండిపోయిందేమో, ప్యానెల్ మీద రీసెట్ చేయని అలారం ఏదైనా ఉందేమో, కంట్రోల్ ఫ్యూజు బాగుందో లేదో చూడండి. నిమిషం పని.

ఇక బ్యాటరీ. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు ఆగి కొలిస్తే, నిండుగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది, 12 దగ్గరుంటే బాగా దిగిపోయినట్టే. అయితే ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించిందని నమ్మకండి, సెల్ఫ్ కొడుతుండగా ఎంతకి పడుతోందన్నదే అసలు పరీక్ష. 9.6 కంటే కిందకి జారితే బ్యాటరీలో బలం లేదు, లేదంటే సెల్ఫ్ మోటార్ పట్టేసి విపరీతంగా కరెంటు లాగుతోంది. 24 వోల్టుల సెట్టయితే రెండు బ్యాటరీలనీ విడివిడిగా కొలవండి, ఒకటే చచ్చి రెండోదాన్ని కూడా ముంచుతుంటుంది. ఒక్కసారికి 10 సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

బ్యాటరీ దగ్గర వోల్టేజీ నిలబడుతోంది కానీ ఇంజిన్ మూలుగుతూ తిరుగుతోందా? అయితే మధ్యలో ఎక్కడో కరెంటు తినేస్తోంది. సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లలో ఉంటుంది, 200 ఆంపియర్లు వెళ్లే దారిలో 0.01 ఓం అడ్డు ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు ఓమ్స్ పరీక్షలో అది దొరకదు. అందుకే మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే), రెండోది సెల్ఫ్ మీద కేబుల్ బిగించే లావు స్టడ్డు మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఆ దారిలో లోపం ఉంది. తర్వాత నెగిటివ్ పోస్టుకీ సెల్ఫ్ మోటార్ బాడీకీ మధ్య అలాగే చూడండి, అక్కడ 0.3 దాటకూడదు. ఈ ఎర్త్ వైపు ఎవరూ చూడరు, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

నాకు ఒకసారి ఎర్త్ వైపే 1.8 వోల్టులు పడింది. లగ్గు (కేబుల్ చివర ఉండే లోహపు ముక్క) పైకి మెరుస్తోంది, నట్టు బిగుతుగానే ఉంది. విప్పి చూస్తే ఛాసిస్‌కి ఆనే చోట పెయింట్ పొర, దాని అంచున తుప్పు. కేబుల్ తొడుగు వేలెడు చీలిస్తే లోపల రాగి తీగలు ఆకుపచ్చగా చిలుము పట్టి పొడిలా రాలాయి. ఆ లగ్గు మార్చి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి బిగించాక అదే పాత బ్యాటరీతో మొదటి దెబ్బకే అందుకుంది.

జాయింట్లన్నీ బాగున్నా టక్ అనే ఆగుతోందా? సొలినాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) చిన్న తీగ దగ్గర, తాళం తిప్పినప్పుడు బ్యాటరీకి దగ్గరగా వోల్టేజీ రావాలి. రాకపోతే రిలే, తాళం స్విచ్, వైరింగ్ వైపు వెళ్లండి. వస్తుంటే సొలినాయిడ్ రెండు లావు స్టడ్ల మధ్య కొలవండి, టక్ అన్నాక కూడా అక్కడ 12 చూపిస్తోందంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే మాత్రం మళ్లీ బ్యాటరీ, క్లాంపుల దగ్గరికే రండి.

జోరుగా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదంటే సైలెన్సర్ చూడండి. పొగే లేకపోతే డీజిల్ అందట్లేదు. ఎలక్ట్రికల్‌గా అయితే డీజిల్ దారి తెరిచి మూసే ఫ్యూయెల్ సొలినాయిడ్ అనుమానితుడు. చాలా సెట్లలో స్టార్ట్ చేసేటప్పుడు దానికి కరెంటు రావాలి, కొన్నింట్లో ఆపడానికి మాత్రమే కరెంటు ఇస్తారు, మీది ఏ రకమో తెలుసుకుని కొలవండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ వెళ్తోంది, అంటుకోవట్లేదు. గ్లో ప్లగ్గులు (చల్లగా ఉన్న ఇంజిన్‌ని లోపల వేడి చేసేవి) ఉన్న ఇంజిన్ అయితే తీగ తీసి ఒక్కోదాన్ని ఓమ్స్‌లో చూడండి, మామూలుగా ఒక ఓం అటూ ఇటూ ఉంటుంది, మీటర్ కదలకపోతే ఆ ప్లగ్గు కాలిపోయింది.

ఇంజిన్ అందుకున్నాక వెంటనే వెళ్లిపోకుండా బ్యాటరీ మీద మరోసారి మీటర్ పెట్టండి. 12 వోల్టుల సెట్టయితే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఉందంటే ఛార్జింగ్ ఆల్టర్నేటర్ పని చేయట్లేదు, బెల్టు వదులైందేమో చూడండి. ఛార్జ్ ల్యాంపు బల్బు కూడా చూడండి, చాలా సెట్లలో ఆల్టర్నేటర్‌కి ఎక్సైటేషన్ (అది కరెంటు పుట్టించడం మొదలుపెట్టడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు) ఆ బల్బు గుండానే వెళ్తుంది.