షాపులో ఎర్రగా, ఇంట్లో నల్లగా: రంగురాళ్ల సమస్యలు, పరిష్కారాలు

"షాపులో నిప్పుకణికలా ఉంది, ఇంటికొస్తే నల్లగా ఉంది"

నల్లగొండలో నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. మారింది రాయి కాదు, లైటు. పసుపు లైటు కింద కెంపు మండుతున్నట్టు ఉంటుంది, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చల్లారిపోతుంది. నీలానికి దీనికి రివర్సు. అందుకే కొనకముందే రాయిని షాపు గడప దాకా తెచ్చి, నీడలో తెల్లకాగితం మీద పెట్టి చూడండి. ఎండలో వద్దు, మన మే నెల ఎండలో గాజుముక్క కూడా కెంపులాగే మెరుస్తుంది. గడప దాకా తేనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయండి.

"నడుమ రంగు తేలిపోయింది"

కోత లోపం. రాయి అడుగుభాగం లోతు చాలకపోతే వెలుతురు పైకి తిరిగి రాకుండా కిందికి జారిపోతుంది. పేపర్ మీద పెట్టి నిటారుగా పైనుంచి చూస్తే రాయిలోంచి అక్షరాలు చదవగలుగుతారు. మళ్లీ కోయిస్తే బాగవుతుంది కానీ బరువు తగ్గుతుంది.

"కెంపు మీద తెల్లగీతలు లేచాయి"

దేవరకొండ వైపు నుంచి ఒకామె ఉంగరం తెచ్చింది. "అన్నా, నిరుడే తీసుకున్నం. ఇప్పుడు పగిలిన అద్దం లెక్కున్నది" అంది. అడిగితే, మామిడికాయ తొక్కు పెట్టాక మరకలు పోవాలని రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టిందట. పది రెట్ల భూతద్దంతో చూస్తే సంగతి తెలిసింది. పగుళ్లున్న నాసిరకం కెంపులో సీసం కలిసిన గాజును కరిగించి నింపారు. నిమ్మరసం కెంపును ఏమీ చేయదు, ఆ గాజును తినేస్తుంది. అవుసలి మంట తగిలినా, నగ శుభ్రం చేసే యాసిడ్ తగిలినా ఇంతే.

ఇలాంటి రాయిని మెల్లగా వంచుతూ చూడండి. పగులు వెంట నీలిరంగు తళుకు, లోపల గుండ్రటి గాలిబుడగలు కనబడతాయి. ఆమెను ఆ రాయి తీయించి వేరేది పొదిగించుకోమన్నాను. మీరు కొనేటప్పుడు గాజు నింపలేదని బిల్లు మీదే రాయించుకోండి. రంగు బాగుపడాలని ఉత్తగా వేడిచేసిన రాయి సంగతి వేరు. దాని రంగు నిలుస్తుంది, ఆ మాట చెప్పి అమ్మితే తప్పేం లేదు.

"పచ్చ వెలిసిపోయింది, లోపల చీలికలు కనబడుతున్నాయి"

పచ్చలో చీలికలు సహజం, అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లకో, మిషన్ క్లీనింగ్‌కో ఆ నూనె పోయింది. మళ్లీ పట్టించవచ్చు. ఇకపై చల్లటి నీళ్లు, మెత్తటి బట్ట చాలు. మచ్చ లేని పచ్చ చవగ్గా దొరికిందంటే మాత్రం నాకు అనుమానమే.

"ఏడాదికే అంచులు అరిగాయి"

గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ స్కేలులో కెంపు, నీలం 9. మన చెల్క దుమ్ములో ఉండే క్వార్ట్జ్ 7. గాజు 6 లోపే. పొడిబట్టతో తుడిచిన ప్రతిసారీ ఆ దుమ్మే గాజును గీస్తుంది, కెంపును గీయలేదు. అంచులు మొద్దుబారిన 'కెంపు' చాలావరకు గాజే. ఏ రాయినైనా ముందు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే తుడవండి.

"రత్తి లెక్క కలవడం లేదు"

రత్తి అంటే రాళ్లను తూచే పాత కొలత, దాని బరువు అన్ని షాపుల్లో ఒకటే కాదు. గ్రాముల్లోనో క్యారెట్లలోనో అడగండి. రాళ్ల తూకంలో క్యారెట్ అంటే ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే.

"నాయనమ్మ కెంపులు, అసలువే కదా?"

ఇక్కడే నాకు మొహమాటం. మంటలో కెంపును తయారుచేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నాయ్ 1902లోనే బయటపెట్టాడు. కాబట్టి పాత నగలోని కెంపు కూడా మనిషి చేసింది కావచ్చు. భూతద్దంలో గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంపు గీతలు కనబడితే అదే. నేల కన్న కెంపులో గీతలు తిన్నగా ఉంటాయి. అమ్మాలనుకుంటేనే ల్యాబ్‌కు పంపండి. చెవులకు పెట్టుకోవడానికైతే కమ్మల మర గట్టిగా ఉందో లేదో చూసుకుంటే చాలు.