థైరాయిడ్ అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కి వెళ్తున్నారా?
పరగడుపున వెళ్లక్కర్లేదు, తినేసే వెళ్లండి. మెడలో గొలుసులు మాత్రం ఇంట్లోనే తీసేసి, మెడ దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోండి. జెల్ రాస్తారు కదా, అంటుకుంటుంది. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమంటారు. మెడనొప్పి ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. ఇది ఎక్స్‌రే కాదు, రేడియేషన్ ఉండదు. గర్భిణులూ చేయించుకోవచ్చు.

పాత రిపోర్టు ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. గడ్డ పెరిగిందా, అలాగే ఉందా అన్నది పోల్చి చూస్తేనే తెలిసేది.

రిపోర్టులో 'నాడ్యూల్' అని కనిపించగానే టెన్షన్ పడకండి, ఎక్కువ శాతం గడ్డలు క్యాన్సర్ కావు. పక్కనే టైరాడ్స్ అని 1 నుంచి 5 వరకు ఒక అంకె ఉండొచ్చు. అంకె పెరిగేకొద్దీ క్యాన్సర్ అనుమానం ఎక్కువని అర్థం. సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసేది) కావాలా వద్దా అన్నది ఆ అంకెతో పాటు గడ్డ సైజునీ చూసి డాక్టరు చెబుతారు. అన్నట్టు, హార్మోన్ ఎంత ఉందో స్కానింగ్‌లో తెలియదు, దానికి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష వేరే ఉంటుంది.