సెంట్రల్ లైన్ వేసేటప్పుడు: నెల్లూరు, ఒంగోలు ఐసీయూ నర్సులకు

అమెరికా ప్రభుత్వ నిధులతో మిషిగన్ ఐసీయూల్లో చేసి, 2006లో వెలువడిన పరిశోధనలో సెంట్రల్ లైన్ (మెడ, గజ్జల వంటి చోట్ల పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. కొత్త మందేమీ లేదు. ఐదు పనులు, ఒక్కటీ వదలకుండా.

చేతులు కడగాలి. టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని, రోగిని తల నుంచి కాళ్ల దాకా స్టెరైల్ షీటుతో కప్పాలి. ఆల్కహాల్ కలిసిన క్రిమిసంహారక మందు క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మాన్ని 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే: తడి మీదే సూది దింపేస్తారు, క్రిములు చావడానికి వ్యవధే ఉండదు. వీలైనంతవరకు గజ్జల్లో వేయొద్దు. లైన్ ఇంకా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో అడిగి, అక్కర్లేకపోతే అప్పుడే తీసేయించండి.

మన మే నెల ఉక్కపోతలో కరెంటు పోయిందంటే మెడ దగ్గర చెమటకు డ్రెస్సింగ్ అంచు లేస్తుంది. పారదర్శక డ్రెస్సింగ్ 7 రోజులు ఉంచొచ్చు. తడిసినా, ఊడినా వెంటనే మార్చాలి. చెమట బాగా పట్టే రోగికి గాజుగుడ్డే మేలు, 2 రోజులకోసారి మార్చాలి.

ఈ ఐదు పనుల చెక్‌లిస్టు నర్సు చేతిలోనే ఉండాలి. ఒక్క మెట్టు తప్పినా "ఆగండి సార్" అనే అధికారాన్ని పెద్ద డాక్టరే ముందుగా అందరి ఎదుటా ఇవ్వాలి. అది లేనిచోట కాగితం మీద టిక్కులే మిగులుతాయి.