డెబ్బై దాటాక ధర్మసందేహం వస్తే ఎవరిని అడగాలి

నిరుడు నెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. చిన్నప్పుడు మా పక్కింటివాళ్లు. "మీ అక్క మనవరాల్ని మా అబ్బాయికి చూస్తున్నాం, పిల్ల ఎలాంటిదమ్మా?" అని అడిగారు. పిల్ల బంగారం. కానీ చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి, ఇప్పటికీ మందులు వాడుతోంది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదని నాకు తెలుసు. మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. రెండు రాత్రులు నిద్ర లేదు.

ఊళ్లో అయితే ఏ అరుగు మీదో పెద్దవాళ్లను అడిగేదాన్ని. ఇక్కడ మైలాపూరులో, మూడో అంతస్తులో, నేనే పెద్దదాన్ని. నాలాంటివాళ్లు చెన్నైలో చాలామంది ఉంటారని రాస్తున్నాను.

మీ జవాబు వల్ల లాభమో నష్టమో ఉన్నవాళ్లను అడగకండి. నేను ముందు అక్కనే అడిగాను. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు, నువ్వు ఒక్కటి ఆడలేవా?" అంది. దాని బాధ దానిది. ఇక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి, పిల్ల సంగతి చుట్టాలందరికీ తెలిసిపోతుంది.

చట్టం సంగతేదో ముందు తేల్చుకోండి. నేను పొద్దున్నే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో నడుస్తాను. ఆంధ్రపత్రిక, అమృతాంజనం పెట్టిన పంతులుగారి పేరున్న పార్కు అది. అక్కడికి వచ్చే రిటైరైన లాయరుగారు చెప్పారు: పెళ్లి రద్దుకు మూర్ఛ ఒక కారణంగా హిందూ వివాహ చట్టంలో ఉండేదట, 1999లో తీసేశారట. అయితే ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని కోర్టుకెక్కే దారి ఇంకా ఉందన్నారు. సగం టెన్షన్ తగ్గింది. నేనేం చెయ్యాలన్నది మాత్రం తేలలేదు.

అది తేలింది అదే పార్కులో, నర్సుగా చేసి రిటైరైన స్నేహితురాలి దగ్గర. ఆమె సలహా చెప్పలేదు, ఎదురు ప్రశ్నలు వేసింది. అలాంటి మనిషిని వెతుక్కోండి, దొరికితే మీకు సిగ్గనిపించే ముక్క కూడా దాచకుండా చెప్పండి. ఆ పిల్ల తల్లి మీద నాకు పాత కోపం ఉందని, నిజం చెప్పేయాలన్న తొందరలో అది కూడా కలిసిందేమోనని చెప్పాను. ఆమె విని, అత్తింట్లో చాటుగా వేసుకోలేక మాత్రలు మానేసి మళ్లీ ఫిట్స్ తెచ్చుకున్నవాళ్లను చూశానంది. పిల్లల్ని కనాలనుకుంటే కొన్ని మందుల్ని డాక్టరు ముందే మార్చాల్సి వస్తుందనీ చెప్పింది. అప్పటిదాకా నేను ఆలోచించింది పెళ్లివారికి నేను బాకీపడ్డ నిజం గురించే. "ఇంతకీ ఆ పిల్లని అడిగావా?" అంది చివర్లో.

అడగలేదు.

అలాంటి స్నేహం లేనివాళ్లు మైలాపూరు రామకృష్ణ మఠంలో ముందుగా అనుమతి అడిగి స్వామీజీలతో మాట్లాడవచ్చు. ప్రవచనాలకు వెళ్లేవాళ్లు అయిపోయాక ఆగి, విడిగా అడగండి. ఇంట్లో కొడుతున్నా, తిండి పెట్టకపోయినా అది ధర్మసందేహం కాదు, ఓర్చుకోకండి. వెంటనే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

ఆ సాయంత్రం పిల్లకి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనే చెప్తాను చిన్నమ్మమ్మా, ఆదివారం దాకా ఆగు" అంది. ఆగాను. చెప్పింది. ఆ సంబంధం కుదరలేదు. అక్క ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. పిల్ల మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్ చేస్తుంది.